గదవ మీద నల్లమచ్చలతో వచ్చిన యువతి: ట్వీజర్‌తో వెంట్రుకలు పీకడంపై ఒక పూర్తి కేస్ స్టడీ

నల్లగొండలోని నా చర్మవ్యాధుల క్లినిక్‌కు "మంగు" అని చెప్పుకుంటూ వచ్చే ఆడవాళ్ళలో కొందరి మచ్చలను దగ్గర నుంచి చూస్తే అవి మంగు కావని తెలిసిపోతుంది. మంగు సాధారణంగా రెండు చెంపల మీద, నుదుటి మీద, ముక్కు మీద, పైపెదవి మీద పొరలాగా పరచుకుని ఉంటుంది. అలా కాకుండా గదవ మీద, దవడ అంచు వెంట, మెడ మొదట్లో నలుపు చుక్కలు చుక్కలుగా ఉండి, ప్రతి చుక్క నడుమ ఒక రోమకూపం కనిపిస్తే, అది వెంట్రుకలు పీకిన చోట మిగిలిన నలుపు. ఈ తేడా పట్టుకోకుండా మచ్చలకు క్రీము రాసి పంపిస్తే ఆ రోగికి మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది. ఇక్కడ వివరిస్తున్న కేసులో సరిగ్గా అదే జరిగింది. రోగి అనుమతితోనే దీన్ని రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలను మార్చాను.

రోగి, ఆమె చెప్పిన చరిత్ర

వయసు 24 సంవత్సరాలు. అవివాహిత. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు గ్రామం. ఇంటర్ తర్వాత కుట్టుపని నేర్చుకుని, హాలియాలో అద్దెకు తీసుకున్న చిన్న గదిలో జాకెట్లు కుట్టడం, చీరలకు ఫాల్స్, పీకో వేయడం చేస్తోంది. తల్లితో కలిసి వచ్చింది. చున్నీని గదవ మీదికి లాక్కుని కూర్చుంది. "మేడం, గీ మంగు పోతే సాలు, ఇంకేం వద్దు" అన్నది మొదటి మాట. వెంట్రుకల ప్రస్తావన ఆమె తేలేదు, తల్లి కూడా తేలేదు. సంబంధాలు చూస్తున్నారనీ, చూపులకు వచ్చినవాళ్ళు ఫోటోలో కనిపించని మచ్చలు ఎదురుగా కనిపిస్తున్నాయని అన్నారనీ తల్లి చెప్పింది.

తల్లిని కాసేపు బయట కూర్చోమని చెప్పి, "గదవ మీద వెంట్రుకలు తీస్తావా అమ్మా, దేనితో తీస్తావు?" అని నేరుగా అడిగాను. ఈ ప్రశ్నను సిగ్గుపడాల్సిన విషయంలా నసుగుతూ అడిగితే జవాబు రాదు. దగ్గు ఉందా, జ్వరం ఉందా అని అడిగినంత మామూలుగా అడిగితే వస్తుంది. ఆమె కొంతసేపు ఊరుకుని, తన సంచిలోని సూదుల డబ్బా తెరిచి చూపించింది. బాబిన్‌లు, గుండుసూదులు, సుద్దముక్క మధ్య ఓవర్‌లాక్ మిషన్‌తో పాటు వచ్చే పొడవాటి ట్వీజర్ ఉంది. వేలు దూరని చోట దారం ఎక్కించడానికి మిషన్ కంపెనీలు ఇచ్చే వంపు తిరిగిన పరికరం అది. దాని మొన సూదిలా ఉంటుంది. మొన దగ్గర మిషన్ నూనె మరక, సన్నటి దారపు పోగు ఇంకా అంటుకుని ఉన్నాయి.

పదహారో ఏట నుంచి గదవ మీద ఒకటి రెండు ముదురు వెంట్రుకలు వచ్చేవనీ, వాటిని పార్లర్‌లో త్రెడింగ్ చేయించుకునేదాన్ననీ, మూడేళ్ళుగా అవి బాగా పెరగడంతో ఊళ్ళో అందరికీ తెలిసిపోతుందన్న భయంతో పార్లర్ మానేసి తానే పీక్కుంటున్నాననీ చెప్పింది. ఇంట్లో అందరూ లేవకముందే కిటికీ దగ్గర, అద్దం ముందు, ఫోన్ లైటు వేసుకుని రోజూ దాదాపు గంటసేపు ఈ పని సాగేది. పగలు కుట్టుపని మధ్యలో కూడా ఎడమచేతి వేలు గదవ మీద తడుముకుంటూ ఉండేదనీ, గరుకు తగిలితే దాన్ని తీసేదాకా పని మీద మనసు నిలిచేది కాదనీ చెప్పింది. చర్మంపైకి రాని వెంట్రుక నల్లగా కనబడితే ఆ మొనతో చర్మాన్ని గీరి, తవ్వి బయటకు లాగేది.

మందుల చరిత్ర రాబట్టడానికి ఇంకొంచెం సమయం పట్టింది. మచ్చలు మొదలయ్యాక మెడికల్ షాపులో మంగు క్రీము అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మోమెటాసోన్ అనే స్టిరాయిడ్, ఈ మూడు మందుల మిశ్రమం అది. మొదట్లో ముఖం తెల్లబడి నున్నగా అయింది. ఆపిన వారానికే ఎర్రబడి మండింది, మళ్ళీ రాస్తే తగ్గింది. అలా పద్నాలుగు నెలలుగా రాత్రిపూట రాస్తూనే ఉంది. ఆ ట్యూబును డాక్టరు ఎవరూ రాసివ్వలేదు.

నెలసరి గురించి అడిగితే, తేదీలు ఎప్పుడూ సరిగా రాలేదని, నలభై అయిదు రోజుల నుంచి రెండు నెలలకోసారి, ఒక్కోసారి మూడు నెలలకు వస్తుందని చెప్పింది. ఏడాది కిందట తీసిన స్కానింగ్ కాగితం తల్లి సంచిలో ఉంది. "గర్భసంచిలో నీటి బుడగలు ఉన్నాయన్నరు, పెండ్లయితే అవే పోతయన్నరు" అని తల్లి చెప్పింది. స్కానింగ్‌లో కనిపించే ఆ బుడగలు గర్భసంచిలో ఉండవు, అండాశయాలలో ఉంటాయి. అవి ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన, అండం పెరిగే చిన్న తిత్తులు. పెళ్ళికీ వాటికీ సంబంధం లేదు.

పరీక్షలో కనిపించినవి

ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు, అంటే బీఎంఐ 27. భారతీయులకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తాం. రక్తపోటు మామూలుగా ఉంది. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉంది. దాన్ని మురికి అనుకుని సున్నిపిండితో, పీచుతో రుద్దుతూ వచ్చింది. ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించనప్పుడు వచ్చే ఈ మార్పు ఎంత రుద్దినా పోదు. రుద్దితే ఇంకా నల్లబడుతుంది.

గదవ మీద మూడు కాలాల గాయాలు ఒకేచోట కనిపించాయి. తాజావి చిన్న చీము పొక్కులు, వెంట్రుక కుదురు చుట్టూ ఎర్రదనం. వారాల నాటివి ముదురు గోధుమ రంగు చుక్కలు. ఇంకా పాతవి, చర్మం లోపలి పొరలోకి రంగు జారినవి, నీలి బూడిద రంగులో ఉన్నాయి. రెండు మూడు చోట్ల తవ్విన గుంటలు మచ్చగా మిగిలాయి. స్టిరాయిడ్ ప్రభావంతో చర్మం పలుచబడి, చెంపల మీద సన్నటి రక్తనాళాలు ఎర్రటి గీతలుగా తేలి ఉన్నాయి. గదవ, చెంపల మీద నూగు వెంట్రుకలు కూడా దట్టంగా ఉన్నాయి. స్టిరాయిడ్ క్రీము దీర్ఘకాలం రాసిన చోట వెంట్రుకలు పెరగడం తెలిసిన దుష్ప్రభావమే. అంటే పీకడం వల్ల వచ్చిన మచ్చకు రాసిన క్రీమే కొత్త వెంట్రుకలకు కారణమై, వాటిని మళ్ళీ పీకించి, మళ్ళీ మచ్చలు తెప్పించింది.

చర్మాన్ని పెద్దదిగా చేసి చూపే డెర్మటోస్కోప్‌తో చూసినప్పుడు గదవ ఎడమ పక్క ఒక చదరపు సెంటీమీటరు మేరలో ఏడు వెంట్రుకలు చర్మం కిందనే మెలిక తిరిగి ఉండిపోయినట్టు కనిపించాయి. వాటిలో ఒకటి ఉంగరంలా గుండ్రంగా చుట్టుకుని, రెండు కొనలూ చర్మంలోనే ఉన్నాయి. ఆ ఉంగరం చుట్టూ పసుపు రంగు చీము, దాని వెలుపల గోధుమ రంగు వలయం ఉన్నాయి. ఆమెకు మానిటర్ మీద చూపించాను. పైకి నల్లచుక్కలా కనిపించేది మచ్చ అనుకుని ఇంతకాలం క్రీము రాసింది ఈ చిక్కుకుపోయిన వెంట్రుక మీదే.

ముదురు వెంట్రుకల తీవ్రతను కొలవడానికి 1961లో ఫెరిమన్, గాల్వే రూపొందించి, 1981లో సవరించబడిన కొలమానాన్ని వాడతాం. శరీరంలో తొమ్మిది చోట్ల ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు వేసి కూడతారు. మొదటి రోజు ఆమెకు 8 వచ్చింది. నాలుగు వారాలు ఏమీ పీకకుండా, త్రెడింగ్ చేయించకుండా వచ్చాక చూస్తే పైపెదవి మార్కు రెండుకు, గదవ మార్కు మూడుకు పెరిగి మొత్తం 12 అయింది. ఉదయమే గదవ శుభ్రం చేసుకుని వచ్చిన మనిషిని చూసి "వెంట్రుకలు పెద్దగా లేవు" అని రాసే కేస్ షీటు ఎంత తప్పుదారి పట్టిస్తుందో ఈ రెండు అంకెల మధ్య తేడా చెబుతుంది. అందుకే కేస్ షీటులో వెంట్రుకలు ఉన్నాయా అన్న ప్రశ్నకు ముందు, చివరిసారి ఎప్పుడు, దేనితో తీశారన్న ప్రశ్న ఉండాలని నా అభిప్రాయం.

పరీక్షలు, నిర్ధారణ

గొంతు బొంగురుపోవడం, నడినెత్తిన జుట్టు మగవాళ్ళలా పలచబడడం, కొద్ది నెలల్లోనే వెంట్రుకలు ఉధృతంగా పెరగడం వంటి లక్షణాలు ఏవీ లేవు. అవి ఉంటే అండాశయంలో గానీ, మూత్రపిండం పైనుండే ఎడ్రినల్ గ్రంథిలో గానీ హార్మోను తయారుచేసే గడ్డ ఉందేమోనని వెతకాలి. మగ హార్మోను అయిన టెస్టోస్టెరాన్ మొత్తం డెసిలీటరుకు 68 నానోగ్రాములు వచ్చింది. ఇది ఆడవాళ్ళకు ఉండవలసిన దాని కన్నా ఎక్కువే గానీ, గడ్డను అనుమానించేంత ఎక్కువ కాదు. నెలసరి మొదటి రోజుల్లో ఉదయం తీసిన 17-హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ 90 రావడంతో, పుట్టుకతో వచ్చే ఎడ్రినల్ లోపం దాదాపు లేనట్టే. థైరాయిడ్, ప్రొలాక్టిన్ సక్రమంగా ఉన్నాయి. పరగడుపు షుగరు 104, గత రెండు మూడు నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ 5.8 శాతం, అంటే మధుమేహం గడప దగ్గర ఉంది. పొక్కులోని చీమును కల్చర్ చేయిస్తే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పెరిగింది.

2003లో రాటర్‌డామ్‌లో కుదిరిన ప్రమాణాల ప్రకారం నెలసరి తప్పడం, మగ హార్మోన్ల లక్షణాలు గానీ రక్తంలో వాటి ఆధిక్యం గానీ, స్కానింగ్‌లో అండాశయ మార్పులు అనే మూడింటిలో రెండు ఉంటే, ఇతర కారణాలు లేవని తేల్చుకున్నాక, పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే అండాశయాల పని, హార్మోన్లు గతి తప్పే సమస్య) అని నిర్ధారించవచ్చు. మొదటి రెండూ ఉన్నాయి కనుక కొత్త స్కానింగ్ అవసరం లేదు. పూర్తి నిర్ధారణ ఇలా రాశాను: పీసీఓఎస్ వల్ల ముఖం మీద ముదురు వెంట్రుకలు, ట్వీజర్‌తో పదేపదే పీకి, గీరడం వల్ల రోమకూపాల ఇన్ఫెక్షన్, చర్మంలోపలికి పెరిగిన వెంట్రుకలు, వాపు తర్వాతి నలుపు, దీర్ఘకాలిక స్టిరాయిడ్ క్రీము వాడకం వల్ల దెబ్బతిన్న ముఖచర్మం.

రోజూ గంటసేపు పీకడం, పగలు తడుముకోవడం చూస్తే, తలవెంట్రుకలు పీక్కునే మానసిక రుగ్మత వంటిది ఏమైనా ఉందా అన్నది కూడా ఆలోచించవలసిందే. తల, కనుబొమ్మలు, రెప్పలు అన్నీ నిండుగా ఉన్నాయి; పీకడంలో ఉపశమనం కాక, కనిపిస్తుందేమోనన్న భయమే ప్రధానంగా ఉంది. నిద్ర తక్కువగా ఉండడం, ఊళ్ళో పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేయడం ఉన్నాయి గనుక దిగులు ఎంత ఉందో ప్రశ్నావళితో చూశాం. మందులు అవసరమయ్యేంత లేదు.

పీకితే ఎందుకు పోదు

వెంట్రుకను పీకినప్పుడు పైకి వచ్చేది కాడ, దాని కింది ఉబ్బెత్తు భాగంలో కొంత. కొత్త వెంట్రుకను తయారుచేసే మూలకణాలు రోమకూపం నడిమి భాగంలో, వెంట్రుకను నిక్కబొడుచుకునేలా చేసే చిన్న కండరం అతుక్కునే చోట, చర్మంలోనే మిగిలిపోతాయి. కింద రక్తం అందించే బుడిపె కూడా చాలావరకు అలాగే ఉంటుంది. వరి కోసిన మడిలో దుబ్బు ఉన్నంతకాలం తడి తగిలితే పిలకలు వచ్చినట్టే ఇదీ. క్షౌరం చేస్తే రోజుల్లో గరుకు తగులుతుంది, పీకితే వారాలు పడుతుంది, తేడా అంతవరకే. పైగా విశ్రాంతి దశలో ఉన్న వెంట్రుకను పీకితే ఆ కుదురు ముందుగానే పెరుగుదల దశలోకి వెళ్ళవచ్చు.

ఒకటి పీకితే రెండు వస్తాయన్న మాట ఊళ్ళలో అందరూ అంటారు. మనుషుల గదవ విషయంలో దానికి ఆధారం లేదు. ఒక రోమకూపం పీకడం వల్ల రెండవదు. అయితే 2015లో ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగంలో, వీపు మీద 200 వెంట్రుకలను తగినంత దగ్గర దగ్గరగా పీకినప్పుడు చుట్టుపక్కల పీకని కుదుళ్ళు కూడా మేలుకుని వెయ్యికి పైగా వెంట్రుకలు మొలిచాయి. అవి విశ్రాంతిలో ఉన్న కుదుళ్ళే, కొత్తగా పుట్టినవి కావు. ఈ ప్రయోగాన్ని చూపించి ఆడపిల్లలను భయపెట్టడం సరికాదు. ఈ రోగికి వెంట్రుకలు పెరిగింది హార్మోన్ల వల్ల, ఆ పైన స్టిరాయిడ్ వల్ల.

చర్మానికి హాని జరిగే దారి వేరు. పీకేటప్పుడు వెంట్రుక కుదురు దాకా రాకుండా చర్మం కిందనే తెగితే దాని కొన వాడిగా మిగులుతుంది. అది మళ్ళీ పెరిగేటప్పుడు రంధ్రం గుండా పైకి రాక, పక్క గోడను పొడుచుకుని చర్మంలోకి చొచ్చుకుపోతుంది. శరీరం దాన్ని ముల్లు దిగినట్టే భావించి వాపు తెస్తుంది. చామనచాయ చర్మంలో ఏ వాపు వచ్చినా రంగు కణాలు అదనంగా రంగు విడుదల చేస్తాయి. పైపొరలోని రంగు నెలల్లో పోతుంది, లోపలి పొరలోకి జారినది ఏళ్ళు పడుతుంది, కొంత పోదు. నల్లగొండ ఎండలు ఆ రంగును ఇంకా ముదిరేలా చేస్తాయి.

వైద్యం, జరిగిన క్రమం

ఈ కేసులో ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ముఖ్యం. రోగి అడిగింది మచ్చలు. నేను మచ్చల మందును చివరికి పెట్టాను. అందుకు ఆమె మొదట్లో అసంతృప్తి పడింది, తల్లి అయితే "మచ్చలకు రాసేదే రాయకపాయె" అని నిష్ఠూరంగానే అంది.

మొదట ఆపింది మూడు మందుల క్రీము. ఆపగానే ముఖం ఎర్రబడి, మండి, పొక్కులు వస్తాయని, అది వారాల పాటు ఉండి తగ్గుతుందని, ఆ సమయంలో భయపడి మళ్ళీ ట్యూబు కొనవద్దని ముందే చెప్పాను. మండే రోజులకు స్టిరాయిడ్ కాని టాక్రోలిమస్ లేపనం, సువాసన లేని మాయిశ్చరైజర్, కల్చర్ ఫలితాన్ని బట్టి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాను. మూడో రోజుకే ఫోను వచ్చింది. ముఖం మీద పెనం పెట్టినట్టుందని ఏడ్చింది. చల్లటి నీళ్ళ గుడ్డ, మాయిశ్చరైజర్ తప్ప మరేమీ చేయవద్దని చెప్పాను. నెల దాటే సరికి ఎర్రదనం అణిగింది. స్టిరాయిడ్ లేపనాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం స్పష్టంగా నోటిఫై చేసింది. అయినా ఈ ట్యూబులు మంగు పేరుతో చేతులు మారుతూనే ఉన్నాయి.

రెండోది ట్వీజర్. "పీకవద్దు" అని చెప్పి వదిలేస్తే ఎవరూ పాటించరు. పాటిస్తే వెంట్రుకలతో బజారుకు వెళ్ళాల్సి వస్తుంది. బదులుగా ఒక మిల్లీమీటరు పొడవు మిగిలేలా బ్యాటరీ ట్రిమ్మర్ వాడమన్నాను. గడ్డం గీస్తే ముదిరిపోతుందని ఇద్దరూ ఒకేసారి అభ్యంతరం చెప్పారు. క్షౌరంతో వెంట్రుక మందం గానీ, పెరిగే వేగం గానీ మారదని 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త చూపించింది. సన్నటి మొన పోయి అడ్డంగా తెగిన కొన చేతికి గరుకుగా తగులుతుంది, అందుకే ముదిరిందన్న భ్రమ కలుగుతుంది. ఇది వివరించి, ఆమె ముంజేతి మీద చిన్న మేర ట్రిమ్మర్ పెట్టి కొన్ని వారాలు గమనించుకోమన్నాక గానీ ఒప్పుకోలేదు.

చర్మంలో చిక్కుకున్న వెంట్రుకలను క్లినిక్‌లోనే తీశాం. గోరువెచ్చని తడి గుడ్డ అద్ది, సన్నటి స్టెరైల్ సూది మొనతో మెలిక కిందికి అడ్డంగా దూర్చి పైకి లేపాలి. కొన బయటపడ్డాక దాన్ని పీకకుండా అలాగే వదిలి, పొడవుంటే కత్తిరించాలి. పీకితే మళ్ళీ అదే దారిలో లోపలికి పెరుగుతుంది. ఇంట్లో మాత్రం ఈ పని ప్రయత్నించవద్దని గట్టిగా చెప్పాను.

హార్మోన్ల వైద్యం గైనకాలజిస్టుతో కలిసి మొదలుపెట్టాం. గర్భనిరోధక మాత్రలు అనగానే తల్లి ముఖం మారిపోయింది. "పెండ్లి కాని పిల్లకు గా గోళీలెందుకు డాక్టరమ్మా, రేపు పిల్లలు కాకుంటే?" అన్నది. ఈ ప్రశ్నకు తొందరగా జవాబు చెప్పి దాటేసే వైద్యులే ఎక్కువ. కానీ చీటీ చించి పారేసేది ఇక్కడే. ఆ మాత్రలు అండాశయంలో మగ హార్మోను తయారీని తగ్గిస్తాయనీ, రక్తంలో ఆ హార్మోనును పట్టి ఉంచే ప్రోటీన్‌ను పెంచుతాయనీ, నెలసరి క్రమంగా వచ్చేలా చూసి గర్భాశయ పొర మందం కాకుండా కాపాడతాయనీ, ఆపాక పిల్లలు పుట్టే శక్తి తగ్గదనీ ఇద్దరికీ కలిపి చెప్పాం. రక్తం గడ్డకట్టే చరిత్ర, తీవ్రమైన తలనొప్పి, పొగతాగడం వంటివి లేవని చూసుకున్నాకే ఇచ్చాం. కొన్ని నెలల తర్వాత మగ హార్మోను ప్రభావాన్ని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ జోడించాం. ఆ మందు వాడుతూ గర్భం దాలిస్తే మగ పిండం జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది గనుక, గర్భనిరోధకం లేకుండా దాన్ని వాడకూడదు. షుగరు హద్దు మీద ఉన్నందున రోజూ చురుకుగా నడవడం, పూట పూటకూ తెల్లన్నం గిన్నె తగ్గించి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర పెంచడం చెప్పాం. జొన్నరొట్టె విషయంలో తల్లి సాయం బాగా అందింది. అది ఆ ఇంట్లో ఒకప్పుడు ఉన్నదే, తర్వాత మానేశారు.

మందుల వల్ల వెంట్రుకలు పలచబడడానికి కనీసం ఆరు నెలలు పడుతుంది. ఎందుకంటే ఇప్పటికే ముదిరిన కుదురు తన చక్రం పూర్తి చేసుకోవాలి. అప్పటికే ఉన్న ముదురు వెంట్రుకలను మందులు మాత్రమే పూర్తిగా తీసేయలేవు. అందుకే లేజర్. చామనచాయకు పొడవు తరంగం, అంటే 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ రకం క్షేమం. చర్మపు రంగును తక్కువగా తాకి కుదురు దాకా వెళ్తుంది. లేజర్ వేడి వెంట్రుకలోని నల్లరంగు ద్వారానే కుదురుకు అందుతుంది గనుక ముందు నాలుగు నుంచి ఆరు వారాలు పీకడం, త్రెడింగ్, వ్యాక్సింగ్ చేయకూడదు. వెంట్రుక లేకపోతే వేడికి తాకడానికి ఏమీ ఉండదు. ట్రిమ్మర్, రేజర్ వాడవచ్చు. "లేజర్ పని చేయలేదు" అని వచ్చేవాళ్ళను ఈ విషయం అడిగి చూడండి, చాలామంది మధ్యలో పీక్కుంటూనే ఉంటారు. లేజర్ ఇచ్చాక అరుదుగా చుట్టుపక్కల నూగు వెంట్రుకలు ముదరడం కూడా జరుగుతుంది, అది దక్షిణాసియా స్త్రీలలో, హార్మోన్ల తేడా ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ సంగతి ముందే చెప్పి సంతకం తీసుకున్నాం. చెవి కింద చిన్న మేర పరీక్షించి, బొబ్బ రాలేదని చూసుకున్నాకే గదవ మీద మొదలుపెట్టాం. ఏప్రిల్, మే నెలల్లో వాయిదా వేశాం.

నూరేళ్ళకు పైగా ఉన్న మరో పద్ధతి ఎలక్ట్రాలిసిస్. లోపలికి తిరిగిన కనురెప్పల వెంట్రుకలు పీకుతుంటే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయని విసిగి, 1875లో చార్లెస్ మిషెల్ అనే అమెరికా కంటివైద్యుడు ఒక్కో కుదురులోకి సన్నటి తీగ దూర్చి కరెంటుతో దాన్ని నాశనం చేసే పద్ధతిని ప్రకటించాడు. తెల్లబడ్డ వెంట్రుకలకు లేజర్ పనికిరాదు గనుక అక్కడ ఇదే దిక్కు. ఈ రోగికి అవసరం పడలేదు.

మచ్చల మందు అప్పుడు మొదలుపెట్టాను. కొత్త పొక్కులు రావడం ఆగిన తర్వాత పగలు సన్‌స్క్రీన్, రాత్రి అజిలాయిక్ ఆమ్లం 20 శాతం క్రీము. మిషన్ దగ్గర కిటికీ ఎండ నేరుగా ముఖం మీద పడుతోందని తెలిసి, మిషన్‌ను గోడవైపు తిప్పుకోమన్నాను.

ఏడాది తర్వాత

పన్నెండు నెలల తర్వాత గదవ మార్కు మూడు నుంచి ఒకటికి దిగింది. గోధుమ రంగు చుక్కలు చాలావరకు పోయాయి. నీలి బూడిద రంగువి పలచబడ్డాయి గానీ ఉన్నాయి. తవ్విన గుంటలు అలాగే ఉన్నాయి. చెంపల మీది ఎర్రటి గీతలు కొన్ని మిగిలాయి. హెచ్‌బీఏ1సీ 5.5కు తగ్గింది, బరువు నాలుగు కిలోలు తగ్గింది. శ్రావణమాసం ముహూర్తాల ముందు పని ఒత్తిడిలో రెండు వారాలు మళ్ళీ పీక్కుందని తనే చెప్పింది. ఆ రెండు వారాల్లో వచ్చిన కొత్త పొక్కులు అయిదు, అవన్నీ ఎడమచేతికి అందే వైపునే.

ఇప్పుడు అక్కడక్కడా మొలిచే రెండు మూడు వెంట్రుకలకు ట్వీజర్ వాడమని నేనే చెప్పాను. పది పదిహేను లోపు ఉన్న చోట, చర్మం ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇది చవకైన, మంచి సాధనమే. కావలసింది మిషన్ ట్వీజర్ కాదు. మొన ఏటవాలుగా, వెడల్పుగా ఉండి, రెండు దవడలూ ఖాళీ లేకుండా కలిసేది కావాలి. స్నానం తర్వాత, ఆ మొనను సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, చర్మాన్ని వేలితో సాగదీసి పట్టుకుని, వెంట్రుకను చర్మానికి ఆనుకుని మొదట్లో పట్టి, అది పెరిగిన వైపుకే ఒకేసారి లాగాలి. ఎదురు దిక్కుకు లాగితే తెగుతుంది. చర్మం పైకి కనబడని దాన్ని వెతకకూడదు. పొక్కు ఉన్న రోజు అసలు ముట్టుకోకూడదు. అక్కచెల్లెళ్ళ మధ్య, పార్లర్‌లో ఒకరి ట్వీజర్ ఇంకొకరు వాడితే చర్మపు పులిపిర్లు అంటుకుని, పీకిన గీతల వెంటే వరుసగా మొలుస్తాయి. అలాంటి కేసులు త్రెడింగ్ తర్వాతా చూస్తుంటాను. పుట్టుమచ్చ మీది వెంట్రుకను పీకితే క్యాన్సర్ వస్తుందన్నది అపోహ, అయినా కత్తిరించడమే మేలు. ముక్కులో వెంట్రుకలు మాత్రం ఎవరూ పీకకూడదు. అక్కడి ఇన్ఫెక్షన్ రక్తనాళాల ద్వారా మెదడు దగ్గరకు పాకే అవకాశం అరుదైనా ప్రాణాంతకం. మగవాళ్ళు కటింగ్ షాపులో అద్దం ముందు కూర్చుని చేసే పని అదే.

ఆమెకు సంబంధం కుదిరింది, మాఘంలో పెళ్ళి. స్పైరోనోలాక్టోన్‌ను పెళ్ళికి ముందే ఆపి, పిల్లలు కావాలనుకునే వరకు గర్భనిరోధక మాత్రలు కొనసాగించాలని గైనకాలజిస్టు నిర్ణయించారు. ఆ మందు ఆపితే వెంట్రుకలు కొంత తిరిగి వస్తాయి గనుక మిగిలిన లేజర్ విడతలను పుష్యమాసం లోపు పూర్తి చేయాలని, గర్భం వచ్చాక లేజర్, అజిలాయిక్ ఆమ్లం గురించి మళ్ళీ మాట్లాడుకోవాలని, పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ ఏటా ఒకసారి, గర్భం దాల్చితే మొదటి నెలల్లోనే చేయించాలని చీటీ మీద రాసి ఇచ్చాను. కాబోయే భర్తకు ఈ చీటీ చూపించాలా వద్దా అన్నది ఆమె ఇష్టానికే వదిలేశాను.